కడిగినా తీరని భయం

(కర్నూలు పాతబస్తీలో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఈ వేదిక మీద మేము సాధారణంగా ఏ విషయాలు మాట్లాడుతామో మీకు తెలుసు. స్కాలర్‌షిప్ దరఖాస్తుల గడువు, బీసీ-ఇ ధ్రువపత్రాలు, వక్ఫ్ భూములు, ఓటరు జాబితాలో గల్లంతైన పేర్లు. మా బృందంలో అత్యధికులము ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలుగా పనిచేసి విరమించినవారము; ఒక విశ్రాంత ఉపాధ్యాయినియు మాతో ఉన్నారు. అర్జీలు రాయడం మాకు చేతనైన విద్య. వైద్యం మా విద్య కాదు. అయినప్పటికీ నేడు ఒక జబ్బును గురించి మాట్లాడడానికి నిలబడినాము. దానికి కారణం కూడా ఒక అర్జీయే.

రెండేళ్ల క్రితం ఒక తల్లి మా వద్దకు వచ్చి, తమ ఇంటికి రెండవ కుళాయి కనెక్షన్ కావాలని మునిసిపాలిటీకి దరఖాస్తు రాసిపెట్టమని కోరింది. ఇంట్లో ఉన్నది నలుగురు. అదే వీధిలో ఏడుగురున్న ఇంటికి ఒక్క కుళాయి సరిపోతున్నది. ఈమె ఇంట్లో మాత్రం రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు తొట్టి నిండా పట్టినా సాయంత్రానికి అడుగంటుతున్నాయి. అర్జీలో కారణం రాయాలి కదా అని మేము అడిగినాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మా పిల్ల కడుగుతూనే ఉంటుంది భాయ్" అన్నది.

ఆ పిల్లకు అప్పుడు పదిహేనేళ్లు, పదవ తరగతి. ఆ కుటుంబం అనుమతితోనే, ఆనవాళ్లు మార్చి ఈ సంగతి చెబుతున్నాము. ఆమె చేతుల వేళ్ల కణుపులు పగిలి, చర్మం పాలిపోయి, ఎండాకాలంలో రక్తం చిమ్మేవి. సబ్బుబిళ్ల రెండు రోజులకు వచ్చేది కాదు. తండ్రి ఆటో నడుపుతాడు; ఎవరెవరో ఎక్కి దిగే బండి కనుక ఆయన వాకిట్లోనే ఖాకీ చొక్కా విప్పి, స్నానం చేసి లోపలికి రావాలి. ఆయన తెచ్చిన నోట్లను శానిటైజరుతో తుడిచి తీగమీద ఆరవేసేవారు. తలుపు గడియ, స్విచ్చి, కుళాయి పిడి, అన్నిటినీ తల్లి సబ్బునీళ్లతో తుడవాలి. తుడిచిన తరువాత, "అమ్మీ, బాగా తుడిచావా? మూలన తుడిచావా?" అని అడుగుతుంది. తుడిచానంటే, "ఒట్టు పెట్టు" అంటుంది. ఫజర్‌కు ఉజూ మొదలుపెడితే ముప్పావు గంట. ఉజూ ముగిసేసరికి సూర్యోదయమై నమాజు సమయం దాటిపోయేది. ఆ పిల్ల ఏడ్చేది.

ఇరుగుపొరుగువారు ఏమన్నారో తెలుసా? "ఎంత శుభ్రమైన పిల్ల! ఎంత తహారత్!" అని మెచ్చుకున్నారు. దాచవలసిన పని లేదు, మొదట మేమూ అలాగే అనుకున్నాము.

అది ఎక్కడ మొదలైందో చాలా కాలం తరువాత తానే చెప్పింది. 2020 వేసవి. ఢిల్లీలోని నిజాముద్దీన్ మర్కజ్ వార్త టీవీలలో రాత్రింబవళ్లు మోగుతున్న రోజులు. మన కూరగాయల బండ్లవారిని వీధులలోకి రానివ్వని రోజులు. 'కరోనా జిహాద్' అనే మాట పుట్టించిన రోజులు. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీల మీద పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేసినట్లు కనిపిస్తున్నదని వ్యాఖ్యానించింది. తీర్పు వచ్చింది, మంచిదే. కాని మేడ మీద ఆడుకుంటున్న పన్నెండేళ్ల పిల్లకు తీర్పులు అందవు. స్నేహితురాలి తల్లి తన బిడ్డను లోపలికి పిలుస్తూ, "వాళ్లతో ఆడొద్దన్నానా, ఆ రోగం వాళ్ల దగ్గరే ఉంది" అన్నది. ఈ పిల్ల ఇంటికి వచ్చి చేతులు కడుక్కున్నది. మరొకసారి కడుక్కున్నది.

ఇక్కడ మేము ఒక జాగ్రత్త పాటించదలచినాము. ఆ ఒక్క మాటే ఈ జబ్బును తెచ్చిందని చెప్పడం సభలో చప్పట్లకు బాగుంటుంది. వైద్యులు ఆ మాట ఒప్పుకోలేదు. ఈ జబ్బుకు వంశంలో ఉన్న మొగ్గు, మెదడు పనితీరు, చుట్టూ ఉన్న పరిస్థితులు, ఇన్ని కలుస్తాయని, ఒక్క కారణాన్ని వేలెత్తి చూపలేమని చెప్పినారు. ఆ మాట అనిపించుకున్న మన పిల్లలు ఎందరో ఉన్నారు, అందరికీ ఈ జబ్బు రాలేదు. ఇతర మతాల ఇళ్లలోనూ ఇదే జబ్బుతో బాధపడే పిల్లలున్నారు. కాని ఆ పిల్లలో భయం ఏ రూపం ధరించిందో చూడండి. తనకు రోగం వస్తుందని ఆమె భయపడింది కొంతే. తన వల్ల ఇతరులకు రోగం వస్తుందేమోనని భయపడింది ఎక్కువ. ఎవరో మన మీద వేసిన నిందను ఆ పసిది నిజమని నమ్మి, తనను తాను కడుగుకుంటూ వచ్చింది. ఆ మాట విన్ననాడు మాలో ఎవరికీ అన్నం సహించలేదు.

మేము చేసిన మొదటి పని పొరపాటు. గుమాస్తా బుద్ధి కదా, కాగితంలో పరిష్కారం ఉందనుకున్నాము. ఆ వీధి కుళాయి నీటిని పరీక్ష చేయించి, క్లోరిన్ తగినంత ఉన్నదని, నీరు తాగడానికి యోగ్యమని నివేదిక తెచ్చి ఆమె చేతికి ఇచ్చినాము. ముద్ర ఉన్నది, సంతకం ఉన్నది. రెండుసార్లు చదువుకున్నది. నవ్వింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయిందట. మేము గర్వపడినాము. మూడవ రోజు ఫోను వచ్చింది: "చాచా, ఈ పరీక్ష చేసిన తర్వాత వాన పడింది కదా?"

ఆ పిల్ల మొండితనం చేస్తున్నదని తండ్రి కొట్టబోయినాడు. గాలి సోకిందని మేనత్త ఒక ఆమిల్ వద్దకు తీసుకుపోయింది. తావీదులకు, ఊదిన నీళ్లకు ఆటో ఫైనాన్సు వాయిదా డబ్బు ఖర్చయింది. ఆ ఊదిన నీళ్లు శుభ్రమైనవేనా అన్న సందేహం పిల్లకు వచ్చింది. అది వేరే తంటా. చర్మానికి మలాం రాసినారు. రక్తపరీక్షలు చేయించినారు. అన్నీ సవ్యంగా ఉన్నాయన్న రిపోర్టు చూసిన నాలుగు రోజులు తేలికగా ఉండేది, ఐదవ రోజు మరొక పరీక్ష కావాలనేది.

చివరికి ఒక మానసిక వైద్యురాలి వద్దకు వెళ్లినాము. జబ్బు పేరు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, క్లుప్తంగా ఓసీడీ. ఇష్టం లేని ఆలోచన పదేపదే తలలోకి చొరబడుతుంది. దానివల్ల పుట్టిన కలతను చల్లార్చడానికి మనిషి ఒక పని పదేపదే చేస్తాడు. కడగడం, తనిఖీ చేయడం, లెక్కపెట్టడం, అడగడం. చిన్నతనంలోను, యౌవనం తొలినాళ్లలోను మొదలయ్యే జబ్బు ఇది. డాక్టరమ్మ గజ్జి దురదతో పోల్చి చెప్పినారు. గోకితే ఆ క్షణానికి హాయి, తరువాత దురద రెట్టింపు. పిల్ల కడగడం గోకుడు. తల్లి ఒట్టు పెట్టడమూ గోకుడే. అప్పుడు మేము తలవంచుకుని, "మేము తెచ్చిన నీటి నివేదిక?" అని అడిగినాము. ఆమె నవ్వి, "అది కాస్త పెద్ద గోకుడు" అన్నారు.

అంటే మనం ప్రేమతో ఇచ్చే ప్రతి సమాధానమూ ఆ భయానికి మేత. బిడ్డ ఏడుస్తుంటే ఊరుకోలేక, "ఏమీ కాదు బేటీ, శుభ్రంగానే ఉంది" అంటాము. పదిసార్లు అంటాము. పదకొండవసారి విసుగుతో అరుస్తాము. ఓదార్పు, అరుపు రెండూ పనిచేయవు. వైద్యం మరొక దారిలో నడుస్తుంది.

ఆ దారి ఇది. పిల్లచేతనే ఒక నిచ్చెన గీయించినారు. కింది మెట్టు మీద తక్కువ భయపెట్టేది: సొంత ఇంటి తలుపు గడియ. పైమెట్టు మీద అన్నిటికన్నా భయపెట్టేది: ఆర్టీసీ బస్సులో పట్టుకునే కడ్డీ. మధ్యలో నాన్న చొక్కా, పది రూపాయల నోటు, బడిలో బెంచీ. కింది మెట్టు నుండి ఒక్కొక్కటే ముట్టుకోవాలి. ముట్టుకున్నాక చేతులు కడగకూడదు. భయం దానంతట అది తగ్గేదాకా కూర్చోవాలి. మొదటిరోజు గడియ పట్టుకుని కూర్చున్నది. పక్కన తల్లి. భయం పదింటికి ఎంతో పలక మీద రాయమన్నారు. తొమ్మిది. మళ్లీ తొమ్మిది. ఏడుపు. పావుగంట తరువాత ఏడు. యాభై నిమిషాలకు నాలుగు. కడగకుండానే భయం తగ్గగలదన్న సంగతి మూడేళ్లలో మొదటిసారి ఆ పిల్లకు తెలిసింది. మరునాడు అదే గడియ దగ్గర ఆరుతో మొదలైంది.

ఇది ఎవరికి వారు ఇంట్లో బలవంతంగా చేయవలసిన పని కాదు. పిల్లను పట్టి మురికిలో చేయి పెట్టించడం వైద్యం కాదు, హింస. వైద్యుల సలహాతో, పిల్ల ఒప్పుకోలుతో, మెట్టు మెట్టుగా జరగాలి. తల్లి ఇకమీదట "శుభ్రంగా ఉందా?" అన్న ప్రశ్నకు జవాబు ఇవ్వకూడదని కూడా ముందే పిల్లతో కూర్చుని మాట్లాడుకున్నారు. అడిగినప్పుడు, "ఇది నువ్వు అడుగుతున్నది కాదు బేటీ, నీ భయం అడుగుతున్నది. దానికి నేను జవాబు చెప్పను, నీ దగ్గర మాత్రం కూర్చుంటాను" అనేది. రెండు వారాలు ఆ తల్లి పడిన యాతన మేము చూసినాము. మా ఉపాధ్యాయిని రోజూ సాయంత్రం పోయి ఆమెకు తోడుగా కూర్చునేవారు.

మందులు కూడా ఇచ్చినారు. మందుల విషయంలో మనవారికి ఉన్న భయం క్రిముల భయానికి తీసిపోదు కనుక చెబుతున్నాము. ఈ జబ్బుకు ప్రధానంగా వాడేవి నిద్రమాత్రలు కావు. వాటి ఫలితం పూర్తిగా తెలియడానికి 8 నుండి 12 వారాలు పట్టవచ్చు. వారం వాడి, గుణం లేదని మానేసేవారే ఎక్కువ. తగ్గిందని తమంతట తామే ఆపేసేవారూ ఉన్నారు. వైద్యులతో చెప్పకుండా ఆపరాదు. రమజాన్ ఉపవాసాలుంటే ఆ సంగతి ముందే చెప్పండి, మాత్ర వేళను సహరీకో ఇఫ్తార్‌కో మార్చే వీలుందేమో వారు చూస్తారు.

ఇక ఉజూ సంగతి. ఇది డాక్టరమ్మ ఒక్కరి వల్ల తెమిలేది కాదు, మేమే ఇమామ్ సాహెబ్‌ను ఆశ్రయించినాము. ఆయన పిల్లకు, తల్లికి ఎదురుగా కూర్చుని చెప్పినారు. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే దోసెడు కొలతతో, ఉజూ పూర్తి చేసేవారని హదీసులలో ఉన్నది. మన లెక్కలో అది లీటరుకు మించదు. ప్రతి అవయవాన్ని మూడుసార్లకు మించి కడగడం హద్దు మీరడమే. ఉజూ ఉన్నదని నిశ్చయంగా తెలిసినవాడికి తరువాత కలిగే సందేహం ఆ ఉజూను చెరపలేదు; ఇది ఫిఖ్హ్ పండితులందరూ ఎరిగిన సూత్రం. 1223లో మరణించిన ఇబ్ను ఖుదామా అల్-మఖ్దిసీ అనే మహా పండితుడు ఈ వస్వసాకు లోనైనవారిని గురించే ప్రత్యేకంగా ఒక గ్రంథం రాసినారు. అంటే ఎనిమిది వందల ఏళ్ల నాడు కూడా ముస్లిం ఇళ్లలో నీటి తొట్టి దగ్గర ఇలా ఏడ్చినవారున్నారు.

ఇంతకన్నా పూర్వపు మాట ఒకటి. బల్ఖ్ ప్రాంతంలో, అంటే నేటి అఫ్ఘానిస్తాన్‌లో, తొమ్మిది, పది శతాబ్దాలలో జీవించిన అబూ జైద్ అల్-బల్ఖీ దేహానికీ మనసుకూ కలిగే రుగ్మతలను గురించి ఒకే గ్రంథంలో రాసినారు. 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్' దాని పేరు. కోపం, దుఃఖం, భయంతోపాటు ఈ వస్వసాకు కూడా అందులో వేరుగా చోటిచ్చినారు. అలాంటి మనిషి ఒంటరిగా ఉండరాదని సలహా ఇచ్చినారు. దేహానికి జబ్బు చేసినట్లే మనసుకూ చేస్తుందని మన పూర్వికుడు వెయ్యేళ్ల క్రితమే రాసిపెట్టగా, మనం ఇంకా గాలి సోకిందంటూ తిరుగుతున్నాము. దుఆ చేయవద్దని మేము అనము. వైద్యం చేయించుకోమన్నదీ ప్రవక్త (స) బోధలోనిదేనని మాత్రం గుర్తుచేస్తున్నాము.

ఇమామ్ సాహెబ్ మాటతో పిల్ల ఎంతో ఊరట పొందింది. కాని కథ అక్కడ ఆగలేదు. మరునాటి నుండి ఆయనకు ఫోన్లు. మోచేతి దగ్గర తడి తగలలేదేమో హజ్రత్? నాలుగవసారి కడిగాను, పాపమా హజ్రత్? ఆయన ఓపికగా వారం రోజులు జవాబులు చెప్పినారు. డాక్టరమ్మ విని, ఇది కూడా గోకుడేనన్నారు. అప్పుడు ఇమామ్ సాహెబ్ పిల్లను పిలిచి, "నేను చెప్పవలసింది చెప్పాను. ఇకమీదట ఈ విషయంలో నిన్ను నువ్వు అడగవద్దు, నన్నూ అడగవద్దు. తప్పు జరిగితే ఆ బాధ్యత నా మెడ మీద" అని ఫోను ఎత్తడం మానేసినారు. అంత కఠినంగా మాట్లాడేవారు కారు ఆయన. ఉజూ ఐదు నిమిషాలకు వచ్చింది.

శుభ్రత వద్దని చెబుతున్నామని ఎవరూ అపార్థం చేసుకోకండి. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ ఈ వీధుల మీదికి వచ్చిన సంగతి ఇక్కడున్న పెద్దలకు గుర్తే. ఇళ్లలో మోకాలి లోతు బురద. ఆనాడు నీళ్లు కాచి తాగినాము, బ్లీచింగ్ చల్లినాము, రోజుకు పదిసార్లు చేతులు కడిగినాము. అది జబ్బు కాదు. బురద పోయినాక ఆ భయమూ పోయింది. అన్నానికి ముందు, మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాక, సబ్బుతో ఇరవై సెకన్లు కడగమని డాక్టరమ్మ కూడా చెప్పినారు. బురద లేని ఇంట్లో బురద కనిపిస్తూ ఉంటే, దానివల్ల బడి, నిద్ర, నమాజు చెడుతూ ఉంటే అప్పుడు వైద్యులను కలవాలి.

ఆడపిల్లలకే వచ్చే జబ్బనుకోకండి. మా దృష్టికి వచ్చిన మరొకడు ఇంటర్ చదివే కుర్రవాడు, హాస్టల్‌లో ఉండేవాడు. ఒక కుక్క పక్కనుంచి పోయింది, కరవలేదు, గీరలేదు, నాకలేదు. అయినా రేబిస్ వచ్చిందేమోనని టీకాల వరుస ఒకటి పూర్తిచేసి, మళ్లీ రెండవది వేయించుకున్నాడు. రాత్రంతా ఫోనులో లక్షణాలు వెతకడం, నీళ్లు మింగి చూసుకోవడం. రేబిస్ కాటు వల్ల, గీతల వల్ల, గాయం మీద చొంగ పడడం వల్ల సోకుతుంది. పక్కనుంచి పోతే సోకదు. ఆ సంగతి వాడికి మనకన్నా బాగా తెలుసు. తెలిసినందువల్ల పోయే భయమైతే బైపీసీ విద్యార్థికి రానే రాకూడదు. వాడి తండ్రి ఇప్పటికీ వైద్యానికి ఒప్పుకోలేదు. మేము ఇంకా ఆ ఇంటికి పోతూనే ఉన్నాము.

ఎందుకు ఒప్పుకోడంటే, పేరు పడుతుందని. ఆడపిల్ల తల్లి మమ్మల్ని ఇదే అడిగింది: "రేపు నిఖా మాటలొస్తే ఏం చెప్పాలి భాయ్?" ఇది తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. సంబంధాలు చెడగొట్టేవాళ్లు మన మధ్యనే ఉన్నారు, బహుశా ఈ హాలులోనూ ఉండవచ్చు. మేము ఆమెకు రెండు మాటలు చెప్పినాము. పగిలిన చేతులను దాచలేరు, వైద్యాన్ని మాత్రం గోప్యంగా ఉంచుకోవచ్చు. ఆ గోప్యత ఎవరి దయా కాదు, చట్టమిచ్చిన హక్కు.

ఇక్కడికి వచ్చేసరికి మేము మా విద్యలోకి వచ్చినట్లే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017; అమలులోకి వచ్చింది 2018 మే 29న. దీని 18వ సెక్షను ప్రకారం ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే సేవలలో మానసిక చికిత్స పొందడం ప్రతి వ్యక్తి హక్కు. మతం, కులం, లింగం, వర్గం ఆధారంగా వివక్ష చూపరాదని ఆ సెక్షనులోనే రాసి ఉన్నది. దారిద్య్రరేఖకు దిగువనున్నవారికి కార్డు చేతిలో ఉన్నా లేకున్నా చికిత్స ఉచితం. అత్యవసర మందుల జాబితాలోని మందులను ప్రభుత్వ ఆసుపత్రులలో, సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై స్థాయిలన్నిటా, ఉచితంగా ఇవ్వాలి. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 23వ సెక్షను. శారీరక జబ్బుకు ఇచ్చినట్లే మానసిక జబ్బుకూ బీమా ఇవ్వాలని 21వ సెక్షను. వేరొక ఊరిలో ఒక కుటుంబానికి మాత్రలు లేవు, బయట కొనుక్కోండి అని చీటీ రాసి పంపినారు. మేము సెక్షను నంబరు వేసి ఒక పేజీ అర్జీ రాసిచ్చినాము, రసీదు తీసుకున్నాము. రెండు వారాలకు మాత్రలు వచ్చినాయి. రసీదు తీసుకోవడం మరువకండి, అది లేని అర్జీ గాలిలో రాసినట్లే.

కొందరు వికలాంగుల ధ్రువపత్రం గురించి అడుగుతున్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద మానసిక రుగ్మత కూడా వస్తుంది, ఓసీడీ తీవ్రతను కొలిచే పద్ధతి ఉన్నది, 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే ప్రయోజనాలకు అర్హత. కాని వైద్యంతో తేరుకుంటున్న పిల్లకు ముందుగా ఆ కాగితం కోసం పరుగెత్తడం మాకు సమ్మతం కాదు. ముందు వైద్యం కానివ్వండి.

ఆ పిల్ల నేడు ఇంటర్ రెండవ సంవత్సరం. పూర్తిగా నయమైందని చెప్పలేము. గత వానాకాలంలో తండ్రికి డెంగ్యూ వచ్చినప్పుడు భయం మళ్లీ లేచింది, మూడు వారాలు సబ్బు ఖర్చు పెరిగింది. ఇలా జరగడం సహజమేనని డాక్టరమ్మ చెప్పి, నిచ్చెనను మళ్లీ కింది మెట్టు నుండి ఎక్కించినారు. కాలేజీకి బస్సులో పోతున్నది, నిలబడవలసి వస్తే కడ్డీ పట్టుకుంటుంది. కుళాయి దరఖాస్తును ఆ తల్లే వెనక్కి తీసుకున్నది.

దూరాన ఉన్నవారు 14416కు ఫోను చేయవచ్చు. టెలి మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరులో మొదలైంది. ఉచితం, ఇరవైనాలుగు గంటలు, తెలుగులోనే మాట్లాడతారు. ఇక్కడివారికోసం ప్రతి ఆదివారం అసర్ నుండి మగ్రిబ్ వరకు మస్జిద్ వెనుక గదిలో మేము కూర్చుంటాము. పేరు చెప్పనక్కర లేదు. పాత చీటీలు, వాడుతున్న మాత్రల అట్టలు ఉంటే తీసుకురండి. ఆసుపత్రికి ఒంటరిగా పోవడానికి జంకేవారితో మాలో ఒకరు వస్తాము. తల్లులు, ఆడపిల్లలు మాట్లాడడానికి మా ఉపాధ్యాయిని పక్క గదిలో వేరుగా ఉంటారు.